టెక్ సందేహాలు: కాంటూర్ గీతల మీద కవిత

ప్రశ్న: లేని కొండలకు, లేని ఏరులకు చేత్తో టోపో మ్యాపులు (నేల ఎత్తుపల్లాలు చూపే పటాలు) గీస్తుంటాను. నా కవితల పాదాలు వాటిలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూర్ గీతల వెంటే వంపులు తిరుగుతూ సాగాలని కోరిక. స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ చేస్తే (బొమ్మను మార్చుకోదగ్గ గీతలుగా మారిస్తే) ఒక్కో గీతా రెండవుతోంది. అక్షరాలు గీత చివరిదాకా వెళ్లి, అవతలి అంచు మీదుగా వెనక్కి వస్తున్నాయి. ఎలా సరిచేసుకోవాలి?

జవాబు: ఎంత మంచి పని పెట్టుకున్నారు! ట్రేస్ బిట్‌మ్యాప్‌లోని బ్రైట్‌నెస్ కటాఫ్ పద్ధతి మీ పెన్ను గీతను ఒక సన్నటి ఆకారంగా తీసుకుని దాని అంచులు గీస్తుంది. అందుకే ఈ రెండు గీతలు. అక్కడే సెంటర్‌లైన్ ట్రేసింగ్ ఎంచుకుంటే నడిమధ్యన ఒక్కటే వస్తుంది. గీతలన్నీ ఒకే ముద్దగా వస్తే పాత్ మెనూలోని బ్రేక్ అపార్ట్‌తో విడదీయండి. స్కాన్ 600 డీపీఐలో, పీఎన్‌జీగా ఉంటే మేలు. జేపీజీలో గీతల పక్కన చేరే మరకలు కూడా ట్రేస్ అయిపోతాయి. ఇక పాదాన్నీ గీతనూ కలిపి సెలెక్ట్ చేసి, టెక్స్ట్ మెనూలో పుట్ ఆన్ పాత్ నొక్కండి. అక్షరాలు తలకిందులైతే ఆ గీతకు రివర్స్ ఇవ్వండి.

తెలుగుతో వచ్చే అసలు చిక్కు వంపుల దగ్గరుంది. కొండ భుజంలా ఉబ్బిన చోట అక్షరాల తలలు విచ్చుకుంటాయి, అడుగులు ఇరుకవుతాయి. ‘స్వప్నం’ అని రాస్తే వత్తులు ఒకదాన్నొకటి తొక్కుతాయి. లోయలా దిగిన చోట దీనికి తిరగేసి, ‘నీటి’లో గుడులు రాసుకుంటాయి. అక్షరాల మధ్య కర్సర్ ఉంచి ఆల్ట్‌తో కుడి బాణం నొక్కితే ఎడం పెరుగుతుంది. నేనైతే ముందు ఆ మాటనే కాస్త చదునైన చోటికి జరిపి చూస్తాను.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు మ్యాపు షీట్లలో సాధారణంగా 20 మీటర్ల ఎత్తుకో కాంటూర్ ఉంటుంది, ప్రతి ఐదోదీ మందంగా ఉంటుంది. మీ ఊహాలోకానికీ ఈ లెక్క పెట్టుకోండి. మందపు గీత మీద మళ్లీ మళ్లీ వచ్చే పాదం, సన్నవాటి మీద మిగతావి. ఏటవాలు నిటారైన కొద్దీ గీతలు దగ్గరపడి అక్షరాలకు చోటుండదు. అక్కడ ఫాంటు వద్దు. మ్యాపు మీద ట్రేసింగ్ పేపర్ పరిచి మీ చేత్తోనే రాసి, విడిగా స్కాన్ చేసి, పై లేయర్‌గా, కాగితం తెలుపు కనబడకుండా చేసే మల్టిప్లై మోడ్‌లో పెట్టండి. చేతి గీతల పక్కన చేతిరాతకున్న అందం ఏ ఫాంటుకూ రాదు.

ప్రశ్న: అను ఫాంట్లలో టైప్ చేసిన కవితను ఇంక్‌స్కేప్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి.

జవాబు: అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) ఫాంట్లు కావు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులన్నీ సరిగా వచ్చాయో లేదో ఒకసారి చదువుకోండి. తర్వాత మండలి, రామరాజ వంటి ఉచిత ఫాంట్లు వాడొచ్చు. ప్రింటుకిచ్చే ముందు ఫైలుకు కాపీ తీసి, అందులో మాత్రమే ఆబ్జెక్ట్ టు పాత్ చేసి (అక్షరాలను గీతల ఆకారాలుగా మార్చి) పీడీఎఫ్ ఇవ్వండి. ఒకసారి పాత్‌గా మారిన అక్షరాల్లో తప్పులు దిద్దలేం.