గోమార్ల జాతి జిల్లాకొకటి ఉంటుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లె. గేదెలు, రెండు ఆవులు ఉన్నాయి. గోమార్లకు డెల్టామెత్రిన్ ఎన్నిసార్లు కొట్టినా చావడం లేదు. ఒంగోలు పక్కన మా బావ వాళ్ళకి అదే మందుతో టపటపా రాలిపోతున్నాయి. ప్రకాశం వైపు గోమార్ల జాతి వేరా? మా పక్కింటాయన గొర్రెల మీదవి చూస్తే ఇంకోలా ఉన్నాయి, అవి మా గేదెలకి ఎక్కుతాయా?
- ఒక పాడి రైతు

జవాబు: జాతి వేరు కాకపోవచ్చండీ, తేడా మందు వాడకంలో ఉండి ఉంటుంది.

మన పశువుల మీద ఎక్కువగా కనిపించేది రిపిసెఫాలస్ మైక్రోప్లస్. పాత పుస్తకాల్లో బూఫిలస్ అని ఉంటుంది, రెండూ ఒకటే. గుడ్డులోంచి వచ్చిన ఆరు కాళ్ళ పిల్ల గడ్డి కొసకెక్కి పశువు తగిలేదాకా కాచుకుని ఉంటుంది, తగిలితే ఎక్కేసి సుమారు మూడు వారాలు ఆ ఒక్క పశువు మీదే పెరిగి, రక్తం తాగి ఉబ్బి, కింద రాలి, వేల గుడ్లు పెట్టి చస్తుంది. సొంతంగా ఊరి పొలిమేర కూడా దాటలేదు. దాన్ని దాటించేది మనమే, సంతలో కొని ఆటోలో ఎక్కించిన పశువుతో పాటు.

అందుకే దీని జన్యువుల లెక్క మనం అనుకున్నట్టు ఉండదు. కణంలోని మైటోకాండ్రియా అనే భాగంలో ఉండే సీఓఐ అనే జన్యువును చదివి పోలిస్తే, పైకి ఒకేలా కనిపించే ఈ గోమార్లలోనే ఏ, బీ, సీ అని గుంపులు బయటపడ్డాయి. ఏ గుంపు ఆసియాలోనే కాదు, ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో కూడా ఉంది. సీ గుంపు మన దేశంలోనూ మలేషియాలోనూ దొరికింది. ఆస్ట్రేలియాలో ఉన్నదాన్నయితే 2012లో ఏకంగా వేరే జాతిగా తేల్చారు. సముద్రాల అవతల ఉన్నవి ఒకే గుంపు, ఒకే దేశంలో ఉన్నవి వేరే గుంపులు! దూరం కంటే పశువుల బేరాలే ఎక్కువ లెక్కన్నమాట. (మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్ళి నెలోర్ పేరుతో మందలు మందలైంది కదా, గోమార్లను యూరప్ ఆవుల కంటే బాగా తట్టుకోవడం కూడా అక్కడ దానికి కలిసొచ్చింది.)

ఇక మీ మందు సంగతి. డెల్టామెత్రిన్ గోమారు నరాల్లోని సోడియం ద్వారాల మీద పనిచేస్తుంది. ఆ ద్వారాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారినా మందు సరిగ్గా పట్టదు. అలా మారినవి మందలో మొదట ఏ కొన్నో ఉంటాయి, మీరు అదే మందు, అదీ పలచగా కలిపి కొడుతూ పోతే మామూలువి చచ్చి ఇవి మిగిలి పిల్లల్ని పెడతాయి. మీ బావగారు మందు తక్కువసార్లు వాడి ఉంటారు, లేదా సరైన మోతాదులో వాడి ఉంటారు. రేపు మీ గేదెను ఆయనకు అమ్మారనుకోండి, ఆ మొండి గోమార్లు కూడా ఒంగోలు చేరతాయి.

గొర్రెల మీదవి చాలావరకు హీమాఫైసాలిస్ రకాలు, అవి నిజంగానే వేరే జాతి. పిల్ల, నడిమి దశ, పెద్దది మూడూ మూడు వేర్వేరు జంతువుల్ని పట్టుకుంటాయి, కాబట్టి మేపుకి తిరిగే మందతో ఎంతదూరమైనా పోతాయి, గేదెలకీ ఎక్కుతాయి. కాళ్ళ మీద తెల్లటి పట్టీలు ఉన్నవి కనబడితే మాత్రం జాగ్రత్త, అవి హయలోమా అనే రకం, థైలీరియా అనే రక్తంలోని పరాన్నజీవి వల్ల వచ్చే జ్వరాన్ని తెచ్చేవి. సంకర ఆవులుంటే మరీ టెన్షన్.

ఆ మందు ఆపేసి, వేరే తరగతి మందు మీ పశువుల డాక్టరుని అడిగి రాయించుకోండి, మోతాదు కొలిచి కలపండి. పాకలో గోడల పగుళ్ళు పూడ్చండి, గుడ్లు అక్కడ కూడా ఉంటాయి. కొత్తగా కొన్న పశువును గోమార్లు పోయేదాకా విడిగా కట్టేయండి. గేదెల మీదవి, గొర్రెల మీదవి కొన్ని వేర్వేరు సీసాల్లో స్పిరిట్‌లో వేసి ఆసుపత్రికి పట్టుకెళ్ళండి, గోమారు తన నోటితో పట్టుకున్న చోటు నుంచి పట్టకారుతో మెల్లగా లాగాలి, నలిపితే పోల్చడం కష్టం.