27 ఏళ్లకు డిగ్రీ మొదటి సంవత్సరమా? పో చెల్లె, రెగ్యులర్‌కే పో

చెల్లె, నీకు 27 ఏళ్లు, మూడేళ్ల బాబు, దేవరకద్ర దగ్గర పల్లె, దోస్త్‌లో, అదే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లలో, మహబూబ్‌నగర్‌లో బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) సీటు వచ్చింది, కానీ పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చోవాలంటే సిగ్గుగా ఉంది, ఓపెన్ డిగ్రీకి మారిపోనా అని అడిగావు. నేను 32 ఏళ్లకు నల్లగొండలో అదే గ్రూపులో చేరాను, 2022లో. పదో తరగతి కాగానే పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఇంటర్ ఓపెన్ స్కూల్లో రాశాను. 2025లో డిగ్రీ అయిపోయింది, ఇప్పుడు బీఈడీ చేస్తున్నాను. కాబట్టి నా మాట సూటిగా చెప్తున్నా, సీటు వదులుకోకు.

సిగ్గు గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే నేను భయపడిన చోట అది రాలేదు. క్లాసులో ఒక్క పిల్ల కూడా నవ్వలేదు. మాటలు పడింది మునుగోడులో బస్సు కోసం నిలబడ్డప్పుడు. "ఈడొచ్చిన పిల్లల్ని ఇంట్ల పెట్టుకొని ఇప్పుడేం సదువు" అని మా వాడకట్టు వాళ్లే అనేవాళ్లు, మా అత్తమ్మ వింటుండగా. మా అత్తమ్మ అవుననలేదు, కాదనలేదు, ఆ మౌనమే నాకు ఎక్కువ కష్టమనిపించింది. ఒక నెల అయ్యాక వాళ్లకు వేరే విషయం దొరికింది.

క్లాసులో ఇబ్బంది వేరే రకంగా ఉంటుంది. ఆ పిల్లలకు నిన్ను ఏమని పిలవాలో తెలియదు. పేరు పెట్టి పిలవలేరు, ఆంటీ అంటే నొచ్చుకుంటావేమోనని వాళ్ల భయం, అందుకని అసలు పలకరించరు. నేను అది చిన్నచూపు అనుకొని ముడుచుకొని మూలకు కూర్చున్నాను. మూడు వారాలు. ఆలోపు వాళ్లు వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు, నా నంబర్ ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు, ఒక ఇంటర్నల్ పరీక్ష తేదీ అందులోనే వచ్చింది, నేను పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకొని మామూలుగా కాలేజీకి పోయేసరికి పిల్లలందరూ పేపర్ రాసి బయటికి వస్తున్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను. తెల్లారి మేడం రాకముందు లేచి నిలబడి నా పేరు, నా వయసు, నా కొడుకు ఆరో తరగతి అని చెప్పి, నన్ను అక్క అనండి, గ్రూపులో కలపండి అన్నాను. అంతే. ఆ సాయంత్రానికే పది మంది నంబర్లు నా ఫోన్లో ఉన్నాయి. నువ్వు మూడు వారాలు ఆగకు, మొదటి రోజే చెప్పెయ్. వయసు దాస్తేనే అందరికీ కష్టం.

ఇప్పుడు నేను ఎందుకు రెగ్యులర్ అంటున్నానో చెప్తా. మా పుట్టిల్లు మర్రిగూడ మండలం. ఆ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పళ్లూ ఎముకలూ పాడవుతాయి, ఆ సంగతి నీకూ తెలిసే ఉంటుంది. చిన్నప్పుడు మేము బోరింగు నీళ్లే తాగినం, పంచాయతీ దగ్గరికి ఎవరో వచ్చి నీళ్లు మరగబెట్టుకొని తాగండి అని చెప్పిపోతే మా అమ్మ రోజూ పొయ్యి మీద పెద్ద సర్వ పెట్టి మరగబెట్టేది. కట్టెలు తనే ఏరుకొచ్చేది. అయినా తనకు నడుము వంగిపోయింది, మెడ తిరగదు, గడ్డం ఛాతీకి ఆనించమంటే ఆనదు.

రెండో సెమిస్టర్‌లో అనుకుంటా, కెమిస్ట్రీ మేడం నీళ్ల గురించి చెప్తూ బోర్డు మీద 'నల్లగొండ టెక్నిక్' అని రాసింది. నీళ్లలో పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేటపడనిచ్చి వడకడితే ఫ్లోరైడ్ తగ్గుతుంది, నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారు చేసిన పద్ధతి, మన ఊరి పేరే పెట్టారు అని చెప్పింది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని కూడా అప్పుడే విన్నాను. నేను చేయి ఎత్తి, మరగబెడితే పోదా మేడం అని అడిగాను. పోదమ్మా, ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ అందులోనే ఉండిపోతుంది, ఇంకా చిక్కబడుతుంది అన్నది. నాకు పెన్ను పట్టుకున్న చేయి ఆగిపోయింది. మా అమ్మ అన్నేళ్లు మరగబెట్టింది.

మేడం నా ముఖం చూసి ఏమైందని అడిగితే చెప్పాను. ఆమె పాఠం ఆపి, పళ్ల మీద గార ఎలా మొదలవుతుంది, మోకాళ్లు ఎప్పుడు పట్టేస్తాయి, అన్నీ నన్నే చెప్పమంది. ముందు బెంచీల పిల్లలు వెనక్కి తిరిగి రాసుకున్నారు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చాక పెరిగిన పిల్లలు వాళ్లు, అలాంటి నడుములను చూసి ఉంటారు గానీ ఎందుకని అడిగి ఉండరు. ఆ పాఠం ఇంట్లో పుస్తకం పెట్టుకొని ఒక్కదాన్నే చదివితే నాకు మూడు మార్కుల జవాబు అయ్యేది. అక్కడ కూర్చున్నాను కాబట్టి ఆ ప్రశ్న అడగగలిగాను.

చదువు మాత్రం కష్టమే, అబద్ధం చెప్పను. మా దగ్గర సైన్స్ గ్రూపులు ఇంగ్లిష్ మీడియం, నేను చదివిందంతా తెలుగు. మొదటి సెమిస్టర్ సగం అర్థం కాలేదు. పాత క్యాలెండర్ కాగితాల వెనుక పెద్ద అక్షరాలతో ఇంగ్లిష్ మాట, కింద తెలుగు మాట రాసి పొయ్యి మీద గోడకు అంటించేదాన్ని, ప్రెసిపిటేట్ అంటే అవక్షేపం, అట్లా రోజుకు ఐదు. పోపు నూనె పడి ఆ కాగితాలు పసుపు పచ్చగా అయ్యేవి, నెలకోసారి మార్చేదాన్ని. రాత్రి చదవడం నాకు కుదరలేదు, కూర్చోగానే నిద్ర వచ్చేది. తెల్లవారుజామున నాలుగు నుంచి ఐదున్నర, అదే నా టైం. పిల్లలకు జ్ఞాపకశక్తి ఎక్కువ, వాళ్లు పరీక్ష ముందు రోజు చదివి రాసేస్తారు, నీకు అట్లా అవ్వదు, రోజూ కొంచెం చదవాల్సిందే. ప్రాక్టికల్స్‌లో మాత్రం మన చేతికి అలవాటు ఉంటుంది, కొలవడం, వడకట్టడం, ఓపికగా చూడటం.

కాగితాల సంగతి. నా పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. పైగా ఆధార్‌కు లింకైన నంబర్ మా ఆయనది, దోస్త్ ఓటీపీ ఆయనకు పోతే ఆయన బత్తాయి తోటలో సిగ్నల్ లేని చోట ఉన్నాడు, ఒక రోజంతా నెట్ సెంటర్ దగ్గరే గడిచింది. నీకు సీటు వచ్చింది కాబట్టి అది దాటావు, కానీ పేర్లు ఒక్కటే ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకో, స్కాలర్‌షిప్ అప్లికేషన్‌లో మళ్లీ ఇదే అడ్డం వస్తుంది. మధ్యలో ఖాళీ ఏళ్లకు నన్ను గ్యాప్ అఫిడవిట్ అడిగారు, అది నోటరీ చేయించి పెట్టుకో. హాజరు 75 శాతం ఉండాలి, బాబుకు జ్వరం వచ్చిన రోజులు, పెళ్లిళ్లు, పత్తి ఏరే రోజులు అన్నీ ఆ మిగతా 25లోనే సర్దుకోవాలి, కాబట్టి ఊరికే మానకు.

ఓపెన్ డిగ్రీని తక్కువ చేసి మాట్లాడటం లేదు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982 నుంచి ఉంది, మా ఆడబిడ్డ అందులోనే బీఏ చేసింది, తనకు అదే సరిపోయింది. కానీ నీది ల్యాబ్ ఉన్న గ్రూపు, నీకు వచ్చిన సీటు చేతిలో ఉంది, పైగా 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. మొదటి ఏడాది నేను టికెట్ డబ్బుల కోసం ఎన్నిసార్లు లెక్క వేసుకున్నానో, నీకు ఆ టెన్షన్ లేదు. తర్వాత ఏంటి అంటే, బీఈడీకి గరిష్ఠ వయసు పరిమితి లేదు, సర్కారు టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీకి 2024లో 46 ఏళ్ల వరకు అవకాశం ఇచ్చారు. డిగ్రీ అయ్యేసరికి నీకు 30 ఏళ్లే.

ఒక్క విషయం నువ్వు రాయలేదు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా బాబును ఎవరు చూసుకుంటారు? మీ అత్తమ్మా, మీ అమ్మా, అంగన్‌వాడీయా? అది చెప్పు. నేను మొదటి ఏడాది ఎక్కువగా నలిగింది అక్కడే, మా ఇంట్లో ఎట్లా సర్దుకున్నామో దాన్ని బట్టి వివరంగా రాస్తా.