కొండ దిగడం ముందు నేర్చుకో

చిరంజీవి అమ్మాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

మల్నాడ్ అల్ట్రా అనే కొండదారుల పరుగు పోటీలో 50 కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమైంది. నెక్లెస్ రోడ్డు మీద నీ వేగం నాకు తెలుసు. దాన్ని ఈ పోటీ జరిగే చిక్కమగళూరు కాఫీ తోటల్లోకి మోసుకెళ్లకు. అక్కడ కిలోమీటరుకు ఎన్ని నిమిషాలన్నది కాదు, మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కి దిగాలన్నది చూసుకోవాలి.

ఎక్కడం గురించి ఎక్కువ చెప్పను. నిటారుగా ఉన్నచోట ముందు వరుసలో ఉండేవాళ్లు కూడా నడుస్తారు. చేతులు తొడల మీద ఆనించి, మాట్లాడగలిగేంత ఊపిరి మిగుల్చుకుంటూ నడువు.

నా దిగులంతా దిగడం గురించే. దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒకపక్క సాగుతూనే బరువు మోస్తుంది. అలవాటు లేకపోతే దాని పోగులు దెబ్బతింటాయి. సగం దూరం దాటాక కాళ్లు వణికేది అందుకే. అయితే ఒకసారి ఆ నొప్పి పడి కోలుకున్న కండరం, తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా దెబ్బతినదు. కాబట్టి ఆ నొప్పేదో ఇక్కడే పడు.

హైదరాబాద్‌లో కొండలెక్కడివి అనకు. మౌలాలీ గుట్టకు ఐదు వందలకు దగ్గరగా మెట్లున్నాయి. తెల్లవారుజామున వెళ్లి, దర్గాకు వచ్చేవారికి దారి వదులుతూ, నడిచి ఎక్కు, పరుగెత్తి దిగు. మడమను ముందుకు విసరకు. అడుగు పొట్టిగా, చకచకా, నడుము కిందే పడాలి. చూపు పాదాల మీద కాదు, నాలుగైదు అడుగుల ముందుండాలి. వీలైనప్పుడల్లా వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్లు. వాన పడ్డాక అక్కడి ఎర్రమట్టి బాగా జారుతుంది. మల్నాడులోనూ బురద తప్పదు, జలగలు అదనం. గట్టిగా దిగే సాధన మాత్రం పోటీకి రెండు మూడు వారాల ముందే ఆపెయ్యి.

బూటులో బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి. రెండు పక్కలా, పైనున్న చివరి రెండు రంధ్రాల్లో లేసును అదే పక్కన గుచ్చి చిన్న ఉచ్చు వదులు. ఒక్కో లేసును అవతలి పక్క ఉచ్చులోంచి లాగి బిగించు. మడమ కదలకపోతే వేళ్లు ముందుకు గుద్దుకోవు, గోళ్లు నల్లబడవు.

పరుగులో ఆకలి వేసేదాకా ఆగకు, ముందునుంచే తింటూ ఉండు. గంటకు 50, 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక పెద్ద అరటిపండులో దాదాపు 30 గ్రాములు ఉంటుంది. ఉడికించి ఉప్పు చల్లిన బంగాళాదుంప నాకు ఇష్టం. నీ కడుపుకు ఏది పడుతుందో దూరపు పరుగుల్లోనే తేల్చుకో. నీళ్లు దాహాన్ని బట్టి తాగు. భయంకొద్దీ అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఓఆర్‌ఎస్ కలిపినా మితిమీరకూడదు.

పక్కవాళ్లు ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర మింగుతున్నారని నువ్వు మింగకు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఈ ఒక్క విషయంలో నా మాట జవదాటకు తల్లీ.

ఆదివారం ఉదయం ఐదింటికి మౌలాలీ మెట్ల దగ్గర ఉంటాను. తలకు కట్టుకునే లైటు, పోటీలో వేసుకోబోయే బూట్లే తెచ్చుకో. నువ్వు దిగే తీరు కింద నిలబడి చూస్తాను.

మీ పెదనాన్న