పాత టేబుల్ ల్యాంపుకు రంగు వేసే ముందు అయస్కాంతం పట్టి చూడండి

పాత సామాన్ల దుకాణంలో లోహపు టేబుల్ ల్యాంపు చవకగా దొరికిందని, రంగు వేసి కొత్తగా మార్చాలనుందని, అందుకు స్ప్రే మంచిదా కుంచె మంచిదా అని అడిగారు. ఆ సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఇంట్లో అయస్కాంతం ఉంటే, ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ అయినా సరే, ల్యాంపుకు ఆనించి చూడండి. నేను ఈ పని మూడోసారి రంగు వేసేటప్పుడు గాని చేయలేదు. అంటే అంతకుముందు రెండుసార్లు వేసిన రంగు పాడైపోయిందన్నమాట.

మాది నల్లగొండ. రెండేళ్ల కిందట క్లాక్ టవర్ వైపు పని చూసుకుని వస్తూ పాత ఇనుప సామాన్ల దుకాణం ముందు ఆగాను. తూకానికి వేసిన ఫ్యాన్ రెక్కలు, వంగిన సైకిల్ చక్రాల మధ్య నుంచి ఈ ల్యాంపు తల బయటపెట్టింది. గుండ్రటి పీఠం, సన్నటి కాడ, గుడ్డ చిరిగిపోయి తీగల చట్రం మాత్రమే మిగిలిన గొడుగు. 250 రూపాయలు చెప్పి 150కి ఇచ్చాడు. ఇంటికి తేగానే అత్తమ్మ నానబెట్టిన చింతపండుతో పీఠం మీద ఒక మూల గట్టిగా రుద్దారు. అక్కడక్కడ పసుపు మెరుపు, మధ్యలో బూడిద రంగు మచ్చలు కనిపించాయి. "బిడ్డా, ఇది ఇత్తడి కాదు, ఇత్తడి పూత" అన్నారు. పూత అయితేనేమి, మీద రంగు వేసేదే కదా అనుకున్నాను. ఆ రోజు ఆమె చెప్పింది వింటే ఒక ఎండాకాలం మిగిలేది.

మొదటి ప్రయత్నం ఏప్రిల్‌లో, మిట్టమధ్యాహ్నం, డాబా మీద. నల్ల ఎనామెల్ డబ్బా తెచ్చి, గుడ్డతో దుమ్ము దులిపి, కుంచెతో నేరుగా పూసేశాను. మన ఎండ సంగతి తెలిసిందే. రంగు సర్దుకుని నునుపుగా పరుచుకోకముందే పైన పొర కట్టింది. కుంచె గీతలు దువ్వెన పళ్లలా నిలబడిపోయాయి, పక్క వీధిలో రేగిన దుమ్మంతా వాటి మీద వాలింది. పది రోజుల తర్వాత గోరు తగిలితే బెత్తెడు మేర ఊడి వచ్చింది. నునుపైన పూతకు, దాని మీది పాత వార్నిష్‌కు రంగు పట్టు దొరకదు. గరుకు చేయనిదే నిలవదు.

రెండోసారి తెలివి ఎక్కువై స్ప్రే డబ్బా కొన్నాను. ఊడినంత గీకి, ఊడని ఎనామెల్ మీదే స్ప్రే కొట్టాను. ఐదు నిమిషాల్లో రంగంతా చల్లారిన పాల మీది మీగడలా ముడతలు పడింది. స్ప్రే డబ్బాల్లో చాలావాటికి ఘాటైన ద్రావకం ఉంటుంది. అది కింద ఉన్న ఎనామెల్‌ను మెత్తబరిచి లేపుతుంది. డబ్బా మీద చిన్న అక్షరాలతో రాసే ఉంది, నేను చదవలేదు.

మూడోసారి హార్డ్‌వేర్ దుకాణంలో రంగుకు ముందు పూసే ప్రైమర్ అడిగితే, కౌంటర్ వెనక ఉన్న పెద్దాయన "ఇనుమా, కాదా?" అని ఎదురు అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది అయస్కాంతం. అతుక్కుంటే లోపల ఇనుము, దానికి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ సరిపోతుంది. అతుక్కోకపోతే ఇత్తడో, అల్యూమినియమో, జింకు మిశ్రమమో అయి ఉంటుంది. వాటి మీద రెడ్ ఆక్సైడ్ సరిగా పట్టదు, లోహాన్ని కొద్దిగా కొరికి పట్టు ఇచ్చే ఎచ్ ప్రైమర్ అడగాలి. ఒకవేళ మీది అతుక్కోకుండా, చింతపండుతో రుద్దినచోటల్లా బంగారంలా తేలితే దయచేసి రంగు జోలికి పోకండి. అసలైన ఇత్తడిని నల్ల ఎనామెల్ కింద పాతిపెట్టడం నాకైతే పాపంలా అనిపిస్తుంది. తోమి పెట్టుకోండి, చాలు.

నాది అతుక్కుంది. పెయింట్ రిమూవర్ పూసి (చేతికి తొడుగులు తప్పనిసరి, చర్మం మండుతుంది) రెండు పాత పొరలూ తీసేశాను. తర్వాత 220 నంబరు ఎమరీ కాగితంతో ఇనుము బయటపడేదాకా, ఆపైన 400 నంబరుతో నునుపు వచ్చేదాకా రుద్దాను. మీ ల్యాంపు మీద పాత రంగు ఉంటే పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగు పొడిలో ఏముందో కంటికి తెలియదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, ఆ తడి చెత్తను కాగితంలో చుట్టి పారేయండి. ఇంకొకటి, తడిపిన ఇనుమును మన బోరు నీళ్లతో కడిగి ఎండకు వదిలేయకండి. ఆరాక తెల్లటి సున్నపు మరకలు మిగులుతాయి, గంటల్లో తుప్పు కూడా మొదలవుతుంది. వెంటనే తుడిచి, టర్పెంటైన్ ముంచిన గుడ్డతో మరోసారి తుడవాలి. ఆ తర్వాత చేత్తో ముట్టుకోకూడదు, వేళ్ల జిడ్డు చాలు రంగు చెడడానికి.

ప్రైమర్ ఒక పొర, ఒక రోజు ఆరబెట్టడం, పైపైన మళ్లీ 400 నంబరు. ఆపైన నెమలికంఠం రంగు ఎనామెల్‌ను కొద్దిగా టర్పెంటైన్‌తో పలుచన చేసి రెండు పొరలు, మధ్యలో ఒక రోజు విరామం. అంతా పొద్దున్న ఏడు లోపు, వరండాలో. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: ఎనామెల్ అయితే కుంచె. స్ప్రేనే కావాలంటే ప్రైమర్ కూడా అదే కంపెనీ స్ప్రే తీసుకోండి, జానెడు కన్నా కొంచెం ఎక్కువ దూరం నుంచి పలుచటి పొరలు కొట్టండి. వానాకాలంలో మాత్రం వద్దు, తేమకు రంగు తెల్లబారుతుంది.

తీగ విషయం తేలిగ్గా తీసుకోకండి. నా ల్యాంపుకు రెండు పిన్నుల ప్లగ్గు, వంచితే పెంకులు రాలే వైరు ఉండేవి. లోహపు ఒళ్లున్న ల్యాంపుకు ఎర్తింగ్ ఉండాలి. లోపల వైరు తెగి ల్యాంపు ఒంటికి తగిలితే 230 వోల్టులు మన చేతికే వస్తాయి. రంగుకు ముందే పాత వైరు, హోల్డర్ పీకేశాను. అంతా ఆరాక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మూడు తీగల వైరు, మూడు పిన్నుల ప్లగ్గు వేయించి, ఎర్త్ తీగను పీఠానికి బిగించమన్నాను. అది బిగించే చోట రంగు గీకి ఇనుము కనబడేలా చేయాలి. ల్యాంపు కన్నా ఈ పనికే ఎక్కువ ఖర్చయింది.

గొడుగుకు మాత్రం డబ్బు పెట్టలేదు. పోచంపల్లి నూలు చీర ఒకటి అంచు దగ్గర చిరిగి మూలన పడి ఉంది, దాన్ని కత్తిరించి చట్రానికి చుట్టాను. అచ్చు వేసిన గుడ్డకు వెనక వైపు బొమ్మ వెలవెలబోతుంది. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు వేసి రంగులద్దే పోచంపల్లి నేత ఇది కాబట్టి గుడ్డకు రెండు వైపులా అదే బొమ్మ ఉంటుంది. లోపల దీపం వెలిగితే ఆ బొమ్మల చెదిరినట్టుండే అంచులు ఇంకా బాగుంటాయి. లోపల 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాను. పాత 60 వాట్ల బల్బు పెడితే ఆ వేడికి గుడ్డ మాడవచ్చు.

చివరి పొర వేశాక కనీసం వారం కదపకండి. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల ఆరదు. నేను మూడో రోజే దినపత్రిక పరిచి దాని మీద నిలబెట్టాను. ఇప్పటికీ పీఠం తిరగేసి అద్దంలో చూస్తే ఆ రోజు బంగారం ధర చదవవచ్చు.