మొదటిసారి ఢిల్లీ: గది ఎక్కడ, ఏ రోజు ఎటు?

ప్రశ్న: మేం నలుగురం. ఇద్దరం పెద్దవాళ్లం, పదేళ్ల బాబు, పదమూడేళ్ల పాప. కాజీపేటలో రైలెక్కి మొదటిసారి ఢిల్లీ వెళ్తున్నాం, ఆగ్రా కూడా చూడాలి. ఆన్‌లైన్‌లో మహిపాల్‌పూర్‌లో గది రాత్రికి 900కే కనిపిస్తోంది. పహాడ్‌గంజ్‌లో అలాంటిదే 1,500 చెబుతున్నారు. తక్కువ ఖర్చులో ఎలా తిరగాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీకు చవక పహాడ్‌గంజ్ గదేనండీ. మహిపాల్‌పూర్ విమానాశ్రయం పక్కన ఉంటుంది. అక్కడి హోటళ్లు తెల్లవారుజామున విమానం ఎక్కేవాళ్లకు పనికొస్తాయి. మీరు చూడబోయే ఎర్రకోట అక్కడికి దాదాపు 20 కిలోమీటర్లు. 2023 జనవరిలో సవరించిన మీటరు రేటు ప్రకారం ఆటోకు మొదటి 1.5 కిలోమీటర్లకు 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. అంటే ఒక్కో వైపు దాదాపు 235. పైగా ఢిల్లీ ఆటోలో ముగ్గురికే అనుమతి. నలుగురికి రెండు ఆటోలు కావాలి. రానూపోనూ 940 అవుతుంది. గది దగ్గర మిగిలిన 600 ఒక్కరోజులోనే పోయి, ఇంకా చేతినుంచి పడుతుంది.

పహాడ్‌గంజ్ అయితే న్యూఢిల్లీ స్టేషన్ ఎదురుగానే. బ్లూ లైన్‌లో రామకృష్ణ ఆశ్రమ్ మార్గ్ మెట్రో నడిచే దూరంలో ఉంటుంది. సందులు ఇరుకు, గోల ఎక్కువ, అది ముందే తెలిసి వెళ్లండి. ప్రశాంతత కావాలంటే కరోల్‌బాగ్ చూడండి, అక్కడా మెట్రో ఉంది. డబ్బు కట్టే ముందు హోటల్‌కి ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. గదికి బయటికి తెరుచుకునే కిటికీ ఉందా? ఈ ప్రాంతంలో కిటికీ లేని గదులు చాలా ఉంటాయి, ఫొటోలో అది తెలియదు. పిల్లలకు అదనపు పరుపుకి ఎంత? చెక్-ఇన్ మధ్యాహ్నం 12కా, 24 గంటల పద్ధతా? మీ రైలు ఉదయమే దిగుతుంది కాబట్టి ఇది ముఖ్యం. మధ్యాహ్నం అంటే, సామాను ముందే పెట్టుకోనిస్తారా? పిల్లల ఆధార్ కార్డులు కూడా అసలువే తీసుకెళ్లండి.

రైలు టికెట్లు 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుస్తారు. పదేళ్ల బాబుకు బెర్తు వద్దంటే సగం చార్జీ, బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. ఒక పగలూ ఒక రాత్రీ సాగే ప్రయాణంలో బెర్తు మానుకుని పొదుపు చేయకండి.

ఏ రోజు ఏది మూస్తారో చూసుకోకపోవడం వల్లే చాలామందికి ఒక పూట వృథా అవుతుంది. ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్ సోమవారం సెలవు. తాజ్‌మహల్ శుక్రవారం సెలవు. చాందినీచౌక్‌లో దుకాణాలు చాలావరకు ఆదివారం మూసి ఉంటాయి. అందుకే ఆదివారం కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సోమవారం ఉదయం దిగడం మీకు బాగా కుదురుతుంది.

సోమవారం కూడా తెరిచి ఉండే కుతుబ్‌మినార్‌తో మొదలుపెట్టండి. న్యూఢిల్లీ నుంచి ఎల్లో లైన్‌లో నేరుగా వెళ్లొచ్చు. కుతుబ్‌మినార్ అనే స్టేషన్ ఉంది గానీ మినార్ దాని పక్కన లేదు, అక్కడినుంచి ఆటో కావాలి. తిరుగుదారిలో సెంట్రల్ సెక్రటేరియట్ దగ్గర వయొలెట్ లైన్‌కి మారి జేఎల్‌ఎన్ స్టేడియంలో దిగితే హుమాయూన్ సమాధికి ఆటో దొరుకుతుంది. మంగళవారం లాల్ ఖిలా స్టేషన్‌లో దిగి ఎర్రకోట, జామా మసీదు, చాందినీచౌక్ నడిచే చూడండి. సాయంత్రం ఇండియా గేట్, పక్కనే యుద్ధ స్మారకం, రెండూ ఉచితం. బుధవారం పొద్దున లోటస్ టెంపుల్ (కాల్కాజీ మందిర్ స్టేషన్), మధ్యాహ్నం నుంచి అక్షర్‌ధామ్. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. మీ ఇద్దరికీ క్యూఆర్ కోడ్‌తో తీసుకుంటే కౌంటర్ ధరకన్నా కాస్త తగ్గుతుంది.

అక్షర్‌ధామ్‌లో ఫోన్లు, బ్యాగులు, తినుబండారాలు లోపలికి పోనివ్వరు. క్లోక్‌రూమ్‌లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. చేతిలో ఫోన్ ఉండదు కాబట్టి, తప్పిపోతే ఎక్కడ కలవాలో పిల్లలకు లోపలికి వెళ్లగానే చూపించండి. హోటల్ పేరు, చిరునామా కాగితం మీద రాసి ఒక్కొక్కరి జేబులో పెట్టండి.

మెట్రోలో పిల్లలకు సగం టికెట్ లేదు. 90 సెంటీమీటర్ల ఎత్తు దాటితే పూర్తి చార్జీయే. 2025 ఆగస్టులో సవరించాక చార్జీ దూరాన్నిబట్టి 11 నుంచి 64 రూపాయల దాకా ఉంది, స్మార్ట్ కార్డుతో 10 శాతం తగ్గుతుంది. ఒక కార్డుతో ఒక్కరే వెళ్లాలి, నలుగురికీ నాలుగు కావాలి.

ఇక ఆగ్రా. చాలామంది ఢిల్లీ నుంచి వెళ్లి, మళ్లీ ఢిల్లీ వచ్చి, అక్కడ రైలెక్కుతారు. మీకు ఆ అవసరమే లేదు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతుంది. గురువారం ఉదయమే గది ఖాళీ చేసి, సామానుతో ఆగ్రా వెళ్లే రైలెక్కండి. సెకండ్ సిట్టింగ్ చాలా చవక. రైలు న్యూఢిల్లీలో ఎక్కాలా, హజ్రత్ నిజాముద్దీన్‌లోనా అన్నది టికెట్ మీద చూసుకోండి, రెండూ వేర్వేరు స్టేషన్లు. ఆగ్రా కంటోన్మెంట్ క్లోక్‌రూమ్‌లో సామాను పెట్టి తాజ్ చూసి, సాయంత్రం అక్కడే తెలంగాణ ఎక్కేయండి. మూడు రాత్రుల గది చాలు. తాళం వేయని బ్యాగును క్లోక్‌రూమ్‌లో తీసుకోరు. నాలుగు చిన్న తాళాలు ఇంటినుంచే తెచ్చుకోండి, రైలు టికెట్టూ గుర్తింపు కార్డూ చేతిలో ఉంచుకోండి.

తిరుగు టికెట్ ఆగ్రా నుంచే తీసుకోండి. కన్ఫర్మ్ కాకపోతే న్యూఢిల్లీ నుంచి తీసుకుని, ఎక్కే స్టేషన్‌ను 24 గంటల ముందే ఆగ్రాకు మార్చుకోండి. మార్చకుండా ఆగ్రాలో ఎక్కితే మీ బెర్తు ఈలోపు వేరేవాళ్లకు వెళ్లిపోవచ్చు. తాజ్ టికెట్ 50, సమాధి ఉన్న ప్రధాన కట్టడంలోకి వెళ్లాలంటే మరో 200. పిల్లలిద్దరికీ ఉచితం. దక్షిణ ద్వారం నుంచి ప్రవేశం లేదు, తూర్పు లేదా పడమర ద్వారానికే ఆటో మాట్లాడుకోండి.

ప్రశ్న: అమ్మకు 63, నాన్నకు 67. డిసెంబరు చివర్లో పంపొచ్చా? కింది బెర్తులు ఎలా దొరుకుతాయి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: డిసెంబరు చివరినుంచి జనవరి మూడో వారం దాకా వద్దు. పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, ఆ చలిలో ప్లాట్‌ఫాం మీద కూర్చోవడం పెద్దవాళ్లకు కష్టం. దీపావళి తర్వాతి వారాల్లో గాలి బాగోదు, ఆయాసం ఉన్నవాళ్లు అసలు వెళ్లకూడదు. ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి సగం దాకా హాయిగా ఉంటుంది.

వయోవృద్ధుల చార్జీ రాయితీ 2020 మార్చి నుంచి లేదు. కింది బెర్తుల కోటా మాత్రం ఉంది. 60 దాటిన పురుషులకు, 45 దాటిన స్త్రీలకు వర్తిస్తుంది. అయితే ఆ టికెట్‌లో ఒక్కరో ఇద్దరో మాత్రమే ఉండాలి. అమ్మానాన్నలిద్దరికీ విడిగా ఒకే టికెట్ తీయండి, అందులో మిమ్మల్ని కలపకండి.

ప్రశ్న: రోటీతో సరిపెట్టుకోలేం. అన్నం ఎక్కడ దొరుకుతుంది? స్టేషన్ బయట మోసాలు ఎక్కువంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఇండియా గేట్‌కు దగ్గర్లో అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో అన్నం, పప్పు, కూరలు, పచ్చడితో భోజనం పెడతారు. ఆదివారం బిర్యానీకి జనం ఎక్కువ, 12 గంటలకే వెళ్లండి. పటేల్ చౌక్ మెట్రోకు దగ్గరున్న గురుద్వారా బంగ్లా సాహిబ్‌లో లంగర్ భోజనం అందరికీ ఉచితం. తలకు గుడ్డ కట్టుకుని, చెప్పులు విడిచి, వరుసలో కూర్చోవాలి. వడ్డించింది వదిలేయకూడదు, తగినంతే పెట్టించుకోండి.

మోసాల మాట నిజమే. న్యూఢిల్లీ స్టేషన్ బయట "మీ టికెట్ చెల్లదు", "మీ హోటల్ మూసేశారు", "ఆ రోడ్డు బంద్" అంటూ పలకరించి, కమీషన్ వచ్చే ట్రావెల్ ఆఫీసుకు తీసుకెళ్లేవాళ్లు ఉంటారు. ఆగకుండా నడవండి, హోటల్‌కి మీరే ఫోన్ చేసి కనుక్కోండి. దిగే ముందే ఏ వైపు బయటికి రావాలో తేల్చుకోండి. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు పహాడ్‌గంజ్, 16వ నంబరు వైపు అజ్మీరీ గేట్. మెట్రో అజ్మీరీ గేట్ వైపే ఉంది. ఆటో కావాలంటే ప్రీపెయిడ్ బూత్‌లో స్లిప్ తీసుకోండి, దిగేదాకా ఆ స్లిప్ డ్రైవరుకు ఇవ్వకండి.