టమాటా ధర ఒక నెల వంద దాటి, మరో రెండు నెలలకే పది రూపాయలకు ఎందుకు పడిపోతుంది?

రైతు ఇవాళ్టి ధర చూసి నాటిన పంట రెండు మూడు నెలల తర్వాత మార్కెట్‌కు రావడం, వచ్చాక నిల్వ ఉంచే వీలు లేకపోవడమే దీనికి ప్రధాన కారణం.

రేటు బాగుందని ఒకేసారి వేలమంది నారు పోస్తారు. అంతా ఒకేసారి కోతకొస్తుంది. ధర సగానికి తగ్గినంత మాత్రాన ఎవరింట్లోనూ టమాటా పప్పు రెట్టింపు వండరు కదా! అందుకే సరుకు కాస్త ఎక్కువైనా రేటు దారుణంగా పడుతుంది. దెబ్బతిన్న రైతులు తర్వాతిసారి వేరే పంటకు మళ్లితే కొరత వస్తుంది. దానికి వానలో, తెగులో తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

2023 జూలైలో చాలా నగరాల్లో కిలో 100 దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో సబ్సిడీ మీద 50కి అమ్మించింది. ఆ రేట్లు చూసి వేసిన పంట వచ్చేసరికి, సెప్టెంబర్‌లో టమాటాకు పేరున్న మదనపల్లె మార్కెట్‌లోనే కిలో 10 రూపాయల దరిదాపులకు దిగింది.

దళారులు దాచిపెట్టడం వల్లే ధర పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఉల్లి విషయంలో అది కొంత నిజం కావచ్చు. టమాటాను మామూలు గోదాములో పది రోజులు దాచినా కుళ్లిపోతుంది. దళారులు మార్జిన్ గట్టిగానే తీసుకుంటారు, అది వేరే సంగతి. ధర వాళ్ల చేతిలోనే ఉంటే సెప్టెంబర్‌లో అలా పడనిచ్చేవారా? సబ్సిడీ అమ్మకాలు కూడా కొనేవాళ్లకు కొన్నాళ్లు ఊరటనిస్తాయి గానీ, రైతు ఎప్పుడు ఎంత నాటాలన్న లెక్కను మార్చవు.