ముందు పేరు రాయి, తర్వాత సూది దించు

కోడలు పిల్లా,

నువ్వు మొదటి ఆల్బమ్ మొదలుపెట్టావనీ, అందులో ప్రతి చప్పుడూ వినైల్ రికార్డుల్లోంచే తీస్తున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి తొందరగా చెప్పేస్తాను. డిస్కు తుడిచాకే రికార్డు చెయ్యి. ఎర్త్ వైరు బిగించు, లేకపోతే పాటంతా గుయ్యిమని మోత. డిస్కుని చేత్తో ముందుకీ వెనక్కీ లాగే స్క్రాచ్‌కి సూది మీద 3, 4 గ్రాముల బరువుంటేనే నిలుస్తుంది. కానీ ఆ బరువుతో ఒకేచోట అటూ ఇటూ లాగుతుంటే గాడి అరిగి బుస్సుమంటుంది. ముందు శుభ్రంగా ఒక కాపీ తీసుకుని, తర్వాత నీ ఇష్టం. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన డిస్కుని 45లో తిప్పితే సా కాస్తా శుద్ధ మధ్యమం దాటి కొంచెం పైకి పోతుంది, పిచ్ స్లైడర్‌తో వేగం కాస్త తగ్గించి సరిచేసుకో. పాత 78 డిస్కుల్ని స్పిరిట్‌తో తుడవకు. వాటిలో చాలావరకు వినైల్ కాదు, లక్క. కరిగిపోతుంది. నాకెలా తెలుసని అడక్కు.

ఇక అసలు సంగతి. నీ వయసులో నేనూ ఒక ఆల్బమ్ మొదలుపెట్టాను. ఒక స్నేహితుడు పెట్టెడు రికార్డులు వారం రోజులు నా దగ్గర ఉంచాడు. ఒకదాంట్లో, పాట అందుకోకముందు, ఎవరో ఆడమనిషి కూనిరాగం. నాలుగు సెకన్లు. మైకు ఆన్‌లో ఉందని ఆవిడకి తెలియదనుకుంటా. దాన్ని టేపుకెక్కించి లూప్ చేసి, ఆల్బమ్ మొత్తం ఆ గొంతు చుట్టూనే అల్లాను. అది ఏ డిస్కులోదో మాత్రం రాసుకోలేదు. నా చెవికి గుర్తుండదా అన్న పొగరు. వారం కాగానే పెట్టె వెళ్లిపోయింది.

విడుదల చేస్తామన్నవాళ్లు మొదట అడిగింది జాబితా. ఏ ముక్క ఎక్కడిది, అనుమతి ఏదీ అని. అనుమతి లేకుండా వేరేవాళ్ల పాట ముక్క వాడినందుకు 1991లో బిజ్ మార్కీ అనే రాపర్ మీద అమెరికా కోర్టు ఇచ్చిన తీర్పు 'దొంగిలించకూడదు' అన్న బైబిల్ ఆజ్ఞతోనే మొదలవుతుంది. ఇలాంటివి విన్నాక ఎవరికి మాత్రం భయముండదు? పైగా అనుమతి ఒకటి కాదు తల్లీ, రెండు. పాట కట్టినవాళ్లది ఒకటి, ఆ రికార్డింగ్ సొంతదారుది ఇంకొకటి.

నా దగ్గర పేరే లేదు, ఎవర్నని అడగను? స్నేహితుడు ఆ పెట్టె అప్పటికే అమ్మేశాడు. రెండేళ్లు, కంటపడ్డ ప్రతి పాత డిస్కూ మొదటి నిమిషం విన్నాను. దొరకలేదు. ఆ గొంతు తీసేస్తే ఆల్బమ్‌లో మిగతాది నిలబడలేదు. తీరిక లేక మానేశానని మీ అమ్మకి చెప్పాను, ఇప్పటికీ అదే నమ్ముతోంది. నువ్వు చెప్పకు.

కాబట్టి ఒక నోటుపుస్తకం పెట్టు. సూది దించకముందే రాయి: కవరు మీది పేర్లు, కంపెనీ, లేబుల్ చుట్టూ నున్నటి చోట చెక్కిన నంబరు, ఏ వైపు, ఎన్నో నిమిషం. ఫోన్‌తో ఫోటో కూడా తియ్యి. రేపు రాస్తాలే అంటావు, నీ బద్ధకం నాకు తెలియదా? చిన్నప్పుడు నా డిస్కుల కవర్లన్నీ తారుమారు చేసేదానివి. ఒకసారి గట్టిగా తిట్టాను కూడా. ఏడుస్తూనే తిరుగుతున్న డిస్కు మీద చెయ్యేసి వెనక్కి లాగావు, ఆ కీచుమన్న చప్పుడుకి నవ్వేశావు. ఆ తర్వాత నీ మీద కోప్పడటం నా వల్ల కాలేదు.

ఈ ఉత్తరంతో ఒక క్యాసెట్ పంపుతున్నాను. అందులో ఉన్నది ఆ నాలుగు సెకన్లే. ఆల్బమ్‌లో వాడకు. విని గుర్తుపెట్టుకో, అంతే. డిస్కులు వెతికేటప్పుడు ఎక్కడైనా ఆ గొంతు తగిలితే, లేబుల్ మీద ఎవరి పేరుందో చూసి ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా పర్వాలేదు.

మీ మామయ్య